రోజుకొక మాత్ర - బాగున్నా ఎందుకు మానకూడదు?



పదో తరగతి గదిలో హెచ్.ఐ.వి. గురించి పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడు లేచి ఇలా అడిగాడు: "సార్, జ్వరం తగ్గినంక గోలీలు బంద్ చేస్తం గదా! మరి ఈ రోగానికి పానం మంచిగున్నా దినాం గోలీ ఎందుకు మింగాలె?"

తరగతిలో కొందరు నవ్వారు. నిజానికి నవ్వవలసిన ప్రశ్న కాదది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లోనే కాదు, ఎక్కడైనా ఈ మాత్ర వేసుకునే ప్రతి మనిషికీ ఏదో ఒకనాడు కలిగే సందేహమే అది. దీనికి సరైన జవాబు తెలియక మందు మానేసి, మళ్లీ జబ్బుపడినవారున్నారు. కనుక జవాబేమిటో జాగ్రత్తగా తెలుసుకుందాం.

వైరస్ చేసే పని

మన రక్తంలో సి.డి.4 అనే తెల్ల రక్తకణాలున్నాయి. రోగక్రిములు ప్రవేశిస్తే మిగతా రక్షణ కణాలను హెచ్చరించేవి ఇవే. హెచ్.ఐ.వి. సరిగ్గా వీటిలోనే దూరుతుంది. దాని వంశలిపి ఆర్.ఎన్.ఏ. రూపంలో ఉంటుంది. కణంలోకి రాగానే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైము ఆ లిపిని డి.ఎన్.ఏ.గా తిరగరాస్తుంది. తర్వాత ఇంటిగ్రేజ్ అనే మరో ఎంజైము ఆ డి.ఎన్.ఏ.ను మన కణపు డి.ఎన్.ఏ.లో అతికిస్తుంది. ఇక ఆ కణం వైరస్‌లను తయారుచేసే కర్మాగారమే! మందు వాడని మనిషి శరీరంలో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇంత వేగంగా నకలు రాస్తే తప్పులు దొర్లవా? దొర్లుతాయి. రాసినదాన్ని సరిచూసుకునే అలవాటు ఈ ఎంజైముకు లేదు. అందుకే పుట్టే వైరస్‌లలో చాలా వాటికి చిన్నచిన్న తేడాలుంటాయి. ఆ తేడాల్లో ఏదో ఒకటి మందును తట్టుకునేది కావచ్చు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మందు వచ్చిన కథ

ఈ వైరస్‌ను 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కనుగొన్నారు. మొదటి మందు ఎ.జెడ్.టి.కి 1987లో అమెరికాలో అనుమతి లభించింది. డి.ఎన్.ఏ. గొలుసులో చేరే థైమిడిన్ అనే అణువును పోలిన నకిలీ లంకె ఇది. వైరస్ ఎంజైము మోసపోయి దీన్ని గొలుసులో చేర్చిందంటే, ఆ పైన ఇంకో లంకె తగలదు. గొలుసు అక్కడితో ఆగిపోతుంది.

అప్పట్లో ఆ మందు ధర సామాన్యులకు అందేది కాదు. దాన్ని మన దేశంలోనే తయారుచేసే పద్ధతిని రూపొందించినది హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. దాని అప్పటి డైరెక్టరు డాక్టర్ ఎ.వి.రామారావు గుంటూరులో పుట్టిన తెలుగువారు. ఆ పద్ధతితో సిప్లా కంపెనీ 1993లో ఎ.జెడ్.టి.ని తక్కువ ధరకు విడుదల చేసింది.

కాని ఒక్క మందే వాడితే కొన్ని నెలలకు దాన్ని తట్టుకునే వైరస్‌లు మిగిలి పెరిగేవి. 1996 నాటికి మూడు మందులు కలిపి వాడితే వైరస్ లొంగుతుందని తేలింది. ఒక తేడాతో ఒక మందు నుంచి తప్పించుకోవచ్చు గాని, మూడింటి నుంచీ ఒకేసారి తప్పించుకోవడం చాలా కష్టం. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట ప్రారంభించిన రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నేడు పెద్దవారిలో ఎక్కువమందికి ఇచ్చే ఒకే మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులుంటాయి. మొదటి రెండూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను ఆపితే, మూడోది ఇంటిగ్రేజ్‌ను ఆపుతుంది.

మానితే ఏమవుతుంది?

పొలంలో తుంగ పీకిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. పైన ఆకంతా పోయి చేను శుభ్రంగా కనిపిస్తుంది. కాని భూమిలో గడ్డ ఉంటుంది. పట్టించుకోకపోతే కొద్ది రోజులకే మళ్లీ మొలుస్తుంది. హెచ్.ఐ.వి. కూడా కొన్ని కణాల డి.ఎన్.ఏ.లో అతుక్కుని నిద్రపోతూ ఉంటుంది. పని చేయని ఆ వైరస్‌ను ఈ మందులు తాకలేవు. మాత్ర మానగానే ఆ గడ్డలు మొలకెత్తుతాయి. పరీక్షలో వైరస్ కనబడకపోవడం వేరు, శరీరంలో లేకపోవడం వేరు.

అప్పుడప్పుడు మానడం ఇంకా ప్రమాదం. మా నడిగడ్డలో సీడ్ పత్తి వేసే రైతు నడగండి. మోతాదు తగ్గించి మందు కొడితే బలహీనమైన పురుగులు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి సంతానాన్ని పెంచుతాయి. రక్తంలో మందు పలచబడితే వైరస్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌లో 184వ స్థానాన ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, లామివుడిన్ పట్టు సడలిపోతుంది.

ఒక చిన్న లెక్క చేయండి. రక్తంలో డోలుటెగ్రావిర్ సుమారు 14 గంటలకు సగమవుతుంది. 28 గంటలకు నాలుగో వంతు, 42 గంటలకు ఎనిమిదో వంతు, 56 గంటలకు పదహారో వంతు! రోజూ ఒకే వేళకు వేసుకోమనడంలోని కిటుకు ఇదే. నూటికి 95 మాత్రలకు తగ్గకుండా వేసుకోవాలని వైద్యులు చెబుతారు. నెలకు 30 మాత్రల్లో మూడు మానితే ఎంత శాతమవుతుందో మీరే చూడండి.

మాత్రతో జాగ్రత్తలు

వేళకు మరిచిపోతే గుర్తు రాగానే వేసుకోవాలి. తర్వాతి మాత్రకు నాలుగు గంటలలోపే ఉంటే మరిచినదాన్ని వదిలెయ్యాలి. రెండు మాత్రలు కలిపి ఎన్నడూ మింగరాదు.

డోలుటెగ్రావిర్ పనిచేసేది ఇంటిగ్రేజ్‌లోని మెగ్నీషియం అయాన్లను పట్టుకునే. అదే పట్టు కడుపులో ఇబ్బంది తెస్తుంది. ఎసిడిటీ మందుల్లోని మెగ్నీషియం, అల్యూమినియం ఎదురైతే వాటినే పట్టుకుని రక్తంలోకి సరిగా చేరదు. కనుక ఆ మందులకు రెండు గంటల ముందు గాని, ఆరు గంటల తర్వాత గాని ఈ మాత్ర వేసుకోవాలి. కాల్షియం మాత్రలకూ, బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రకూ ఇదే నియమం. భోజనంతో అయితే వాటిని కలిపి వేసుకోవచ్చు.

క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మందును శరీరంలో త్వరగా కరిగించేస్తుంది. అప్పుడు డాక్టరు డోలుటెగ్రావిర్ అదనంగా ఇస్తారు. అందుకే వేరే ఏ మందు వాడుతున్నా, నాటు మందైనా సరే, డాక్టరుకు చెప్పాలి. టెనోఫోవిర్ కొందరిలో మూత్రపిండాలపై ప్రభావం చూపవచ్చు కనుక రక్తపరీక్షలు మానకూడదు. ఏదైనా ఇబ్బంది తోస్తే సొంతంగా మానకుండా ఏ.ఆర్.టి. కేంద్రానికి వెళ్లాలి.

మరవడానికి అసలు కారణం

ఇన్ని తెలిసినవారు కూడా మాత్ర మానడం ఎందుకు జరుగుతుంది? పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ వెంట ముంబయికో పూనాకో వలస వెళ్లిన కూలీ సంగతి ఆలోచించండి. ఒకే రేకుల గుడిసెలో పదిమంది. సంచిలోంచి డబ్బా తీస్తే "ఏం గోలీ?" అని అడుగుతారు. చెబితే పక్కన పడుకోనివ్వరేమోనని భయం. ఆ పూటకు డబ్బా సంచిలోనే ఉండిపోతుంది. మరుసటి పూటా అంతే. మతిమరుపు కన్నా సిగ్గు, భయం ఎక్కువ మాత్రలను మింగేస్తున్నాయి!

ఊరు మారేముందు కేంద్రంలో చెబితే, వెళ్లే ఊరికి దగ్గరి కేంద్రానికి పేరు బదిలీ చేస్తారు. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఈ వైరస్ ఉందని బడిలోగాని, పనిలోగాని వివక్ష చూపడం నిషిద్ధం.

కలిసి తింటే, ఒకే బెంచీలో కూర్చుంటే, దోమ కుడితే ఇది అంటదు. మాత్ర సరిగా వేసుకుని రక్తపరీక్షలో వైరస్ కనబడని స్థితి నిలుపుకున్నవారి నుంచి భార్యకో భర్తకో కూడా సోకదు. గర్భిణి వేళకు మందు వాడితే బిడ్డకు సోకే అవకాశం చాలా తగ్గిపోతుంది.

ఇప్పుడు ఆ పిల్లవాని ప్రశ్నకు జవాబు దొరికింది కదా! పానం మంచిగున్నది కనుక మాత్ర అక్కరలేదని కాదు, మాత్ర వేసుకుంటున్నందుకే పానం మంచిగున్నది. మీ తరగతిలోనో, హాస్టల్లోనో ఎవరైనా రోజూ ఒక వేళకు ఒక మాత్ర వేసుకోవడం కనిపిస్తే, "ఎందుకు?" అని అడగకండి. మంచినీళ్ల చెంబు అందించండి. ఆ మందుకు మీరు చేయగలిగిన సాయం అదే.