నిమ్మళంగా పాడే పాట

కరావోకే అంటే వాద్యాలన్నీ ఉండి గొంతు ఒక్కటే లేని పాట. ఆ ఖాళీని పాడేవాళ్లు తమ గొంతుతో నింపుకుంటారు. జపాన్ భాషలో ‘కర’ అంటే ఖాళీ. ‘ఓకె’ అనేది ఆర్కెస్ట్రాకు వాళ్లు పెట్టుకున్న పొట్టి పేరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు దీన్ని ఎక్కువగా ‘ట్రాక్’ అనే అంటారు. పెళ్లి రిసెప్షన్లో, వినాయక మండపం దగ్గర, సార్ల రిటైర్మెంటు సభలో ఒకరి ఫోను నుంచి సౌండు బాక్సుకు వైరు కలిపితే చాలు, ఆర్కెస్ట్రా తయారు. ఒకప్పుడు ఆర్కెస్ట్రా పార్టీని మాట్లాడుకుని బయానా ఇస్తే తప్ప దొరకని వాద్యగోష్ఠి ఇప్పుడు జేబులో తిరుగుతోంది. ఫోన్లలో స్మ్యూల్, స్టార్‌మేకర్ వంటి యాప్‌లు వచ్చాక వంటింట్లో నిలబడి కూడా యుగళగీతం పాడుకోవచ్చు.

కరావోకే యంత్రం పుట్టుకే పాడేవారి గొంతు కోసం జరిగింది. కోబె నగరంలో దైసుకె ఇనోయె అనే వాద్యకారుడు బార్లలో కస్టమర్లు పాడుతుంటే వెనక వాయించేవాడు. వాళ్లు తాళం తప్పితే తాను సర్దుకునేవాడు, గొంతు అందకపోతే అందేలా వాయించేవాడు. అలా అలవాటుపడిన ఒక కంపెనీ యజమాని తనతో ఊరికి రమ్మంటే, వెళ్లడం కుదరక, వాద్యాన్ని టేపు మీద రికార్డు చేసి ఇచ్చాడు. ఆ ఆలోచనతోనే 1971లో నాణెం వేస్తే మోగే యంత్రాలు పదకొండు చేయించి అద్దెకిచ్చాడు. పేటెంట్ తీసుకోలేదు. అంతకు ముందే, 1967లో, షిగెయిచి నెగిషి అనే మరో జపాను వ్యక్తి ఇలాంటి పెట్టెను తయారు చేశాడు. ఇనోయె కథలో ముఖ్యం ఒకటే: పాట కోసం మనిషి కాదు, మనిషి కోసం పాట సర్దుకోవాలి. సులువైన పాటను ఎంచుకోవడమంటే ఈ సర్దుబాటును ముందే చేసుకోవడం.

మైకు పట్టుకోవడం కొత్త అయినవాళ్లు సాధారణంగా నెమ్మది పాటనే ఎంచుకుంటారు. జపాన్‌లో కూడా అంతే. వేగంగా మాటలు దొర్లే పాట కంటే పియానో మీద నిమ్మళంగా సాగే పాట మీదకే చెయ్యి పోతుంది. అయితే నెమ్మది పాట సులువనే నమ్మకం సగమే నిజం. మాటలు చదువుకోవడానికి వ్యవధి ఉంటుంది, అది లాభం. కానీ ప్రతి స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి దమ్ము ఎక్కువ కావాలి. సుతి కొంచెం జారినా దాచుకోవడానికి చోటుండదు. వేగం పాటలో జారిన స్వరాన్ని వెనకవచ్చే మాట కప్పేస్తుంది. నెమ్మది పాటలో ఆ స్వరం అందరి ముందు అలాగే నిలబడి ఉంటుంది.

పాట సులువా కాదా అని తేల్చేవి మూడు. మొదటిది దాని కింది స్వరానికీ పై స్వరానికీ మధ్య దూరం. సాధన లేని గొంతుకు హాయిగా అందేది సుమారు ఒక స్థాయి, అంటే షడ్జమం నుంచి పై షడ్జమం వరకు, ఆ పైన రెండు మూడు స్వరాలు. రెండోది, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి దొరికే చోట్లు. మూడోది స్వరాల నడక. పక్క స్వరం మీదికి మెల్లగా జరిగే పాట తేలిక. ఉన్నట్టుండి ఐదారు స్వరాలు ఎగిరే పాట కష్టం.

దీన్ని పరీక్షించడానికి ట్రాక్ అక్కర్లేదు. చాలామంది పల్లవి పాడి చూసుకుని బాగానే ఉందనుకుంటారు. స్టేజీ మీద చరణం సగానికి వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. పరీక్ష అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పాటను ఒకసారి విని, అన్నిటికన్నా పైకి పోయే మాట ఎక్కడుందో గుర్తించి, ముందు ఆ మాటనే నాలుగైదు సార్లు పాడాలి. గడ్డం పైకి లేస్తున్నా, మెడనరాలు బిగుస్తున్నా అది మన సుతి కాదు. తర్వాత అన్నిటికన్నా కింద ఉన్న మాట పాడాలి. అక్కడ గొంతు గాలిగా మారి మాట వినిపించకపోయినా అంతే. రెండూ హాయిగా పలికితే మధ్యలో ఉన్నదంతా మెల్లగా దారికొస్తుంది.

సుతి మార్చుకోవడం తప్పు కాదు. భజన మండలిలో హార్మోనియం పెట్టె వాయించే పెద్దమనిషి ఎవరు పాడుతున్నారో చూసి, ఒక మెట్టు దించో ఎక్కించో మొదలుపెడతాడు. దాన్ని ఎవరూ లోపమనుకోరు. ట్రాక్‌కు కూడా అదే న్యాయం. యాప్‌లో, యంత్రంలో కూడిక, తీసివేత గుర్తులుంటాయి. ఒక్కసారి నొక్కితే హార్మోనియం మీద ఒక మెట్టు మారినట్టే, తెల్లవీ నల్లవీ కలిపి లెక్క. సినిమా పాటలు పైస్థాయిలో తిరిగే గొంతుల కోసం కట్టినవి చాలా ఉన్నాయి కాబట్టి మామూలు మగగొంతుకు రెండు మూడు మెట్లు దించుకోవడం మామూలే. మగవారి పాటను ఆడవాళ్లు పాడాలంటే నాలుగైదు మెట్లు అటూ ఇటూ మారిస్తే గానీ కుదరదు. మరీ దించితే కింది స్వరాలు మాయమవుతాయి, వాద్యాలు కూడా బరువుగా, మందంగా మోగుతాయి. అంత దూరం దించాల్సి వస్తే ఆ పాటను వదిలి ఇంకో పాట చూసుకోవడం మేలు.

ఈ లెక్కన చూస్తే దక్షిణ తెలంగాణకు సులువైన పాటల ఆస్తి సొంతంగానే ఉంది. బతుకమ్మ పాటలో ఒకరు వరుస పాడితే చుట్టూ ఉన్నవాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. ఆ ఒక్క మాట వ్యవధిలో పాడే ఆమెకు ఊపిరి అందుతుంది. వరుసకూ వరుసకూ స్వరాలు పెద్దగా మారవు. పూలచుట్టూ తిరుగుతూ, చప్పట్లు కొడుతూ, గంటసేపు అలసట లేకుండా పాడేందుకు వీలుగా తరతరాలుగా సానబట్టిన నిర్మాణం అది. సుద్దాల హనుమంతు పశువుల కాపరి పిల్లవాడి మీద కట్టిన పాట, ‘మా భూమి’ (1979) సినిమాతో రాష్ట్రమంతా తెలిసిన పాట, ఇదే కోవలోది. చిన్నచిన్న వరుసలు, ప్రతి వరుస చివర ఆగడానికి చోటు, పెద్దగా ఎగుడుదిగుళ్లు లేని బాణీ. గొంతు సాధన లేని రైతుకూలీలు అందుకుని పాడాలని కట్టింది కాబట్టి అలా ఉంది. మైకు మొదటిసారి పట్టేవారికి ఇంతకంటే మంచి ఆరంభం దొరకడం కష్టం.

అదే ఇంటి నుంచి వచ్చిన మరో పాట దీనికి పూర్తిగా ఎదురు. హనుమంతు కొడుకు సుద్దాల అశోక్ తేజ ‘ఆర్‌ఆర్‌ఆర్’లో కొమురం భీమ్‌ను కట్టేసి కొరడాతో కొట్టే ఘట్టానికి రాసిన పాటను కాలభైరవ పాడాడు. నెమ్మదిగానే మొదలవుతుంది, కానీ పోనుపోను పైస్వరాల మీద గొంతు నిలబెట్టాలి, ఆ నొప్పి వినిపించాలి. వినేటప్పుడు కళ్లు చెమరుస్తాయి కదా అని మొదటి పాటగా ఎంచుకుంటే ఇబ్బందే. పాలమూరు బిడ్డ గోరటి వెంకన్న పాటలది వేరే కష్టం. స్వరం కంటే ముందు మాట పరుగెడుతుంది. చెట్టు, పిట్ట, వాగు, వంక అన్నీ ఒకే దమ్ములో వచ్చేస్తాయి. ఆయన మాటకు తగ్గ నాలుక ముందు తిరగాలి, తర్వాతే ట్రాక్.

‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలై నెలల తరబడి ఆడింది. ఇటు నుంచి మనుషులు అటు వెళ్లే దారి కూడా తెరుచుకుంటోంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జపాన్ భాష నేర్పించి అక్కడి ఉద్యోగాలకు పంపే ఏర్పాటు చేసింది. అలా వెళ్లినవారికి పని ముగిశాక సహోద్యోగులతో కలిసి భోజనానికి వెళ్లడం, అక్కడి నుంచి కరావోకే గదికి వెళ్లడం తరచుగా ఎదురయ్యే సంగతి. పాట ఎంచుకునే టాబ్లెట్ చేతికొస్తుంది, ఏదో ఒకటి పాడమంటారు. అప్పటికి ఒక్క జపాన్ పాటైనా నోటికొచ్చి ఉంటే ఆ రాత్రి నుంచి వాళ్లు పరాయివాళ్లు కారు.

ఇక్కడ తెలుగువారికి పుట్టుకతో వచ్చిన లాభం ఉంది. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. జపాన్ భాషలో కూడా దాదాపు ప్రతి అక్షరం అచ్చుతోనే ముగుస్తుంది. అచ్చుతో ముగిసే మాటను ఎంతసేపైనా సాగదీసి పాడవచ్చు. అ, ఇ, ఉ, ఎ, ఒ అనే ఐదు అచ్చులు, వాటి దీర్ఘాలు, ఇవే వాళ్ల సంపద. హ్రస్వదీర్ఘాల తేడా అక్కడ ప్రాణం లాంటిది. ‘ఒబసన్’ అంటే అత్త లేదా పిన్ని, ‘ఒబాసన్’ అంటే అవ్వ. ‘కితె’ అంటే రా, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. దీర్ఘానికీ ద్విత్వానికీ ఇంగ్లీషువాళ్లు నెలల తరబడి తడబడతారు, తెలుగువారి చెవికి అది పలకమీద నేర్చిన పాఠమే. అక్కడి ‘త్సు’ అనే అక్షరం కూడా కొత్తది కాదు, ‘చుక్క’ అన్నప్పుడు పలికే చకారమే అది. కాబట్టి పాటను ఇంగ్లీషు అక్షరాల్లో కాక తెలుగు లిపిలోనే నోటుబుక్కులో రాసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం జారిపోతుంది, తెలుగులో కొమ్ముదీర్ఘంతో, గుడిదీర్ఘంతో సహా నిలుస్తుంది.

రెండు మెళకువలు మాత్రం నేర్చుకోవాలి. జపాన్ పాటలో సున్నకు కూడా సొంత మాత్ర ఉంటుంది, ముందు అక్షరానికి అతికించి మింగేస్తే మాటలు తెర మీద పాట వెంట పాకే రంగు కంటే ముందు పరుగెత్తుతాయి. ఆ సున్నను ఒక దెబ్బసేపు ముక్కులోంచి నిలపాలి. రెండోది, మాట్లాడేటప్పుడు ‘దెస్’ అని తేల్చేసే ‘దెసు’లోని చివరి ఉకారం పాటలో తరచు పలుకుతుంది, దానికి స్వరం ఉంటుంది.

బాణీల్లో కూడా చుట్టరికం ఉంది. జపాన్ పాటల్లో ‘యొనానుకి’ అనే పద్ధతి చాలా పాతుకుపోయింది. ఆ మాటకు అర్థం నాలుగు, ఏడు తీసేయడం. మధ్యమం, నిషాదం పోతే మిగిలేవి స, రి, గ, ప, ద. అది మోహన రాగం మెట్టు. ‘మాయాబజార్’ (1957)లో వెన్నెల రాత్రి పడవ మీద పాడుకునే పాట ఈ మోహనమే. అందుకే అక్కడి పాత పాటలు కొన్ని మొదటిసారి విన్నప్పుడే ఎక్కడో విన్నట్టు అనిపిస్తాయి.

‘సుకియాకి’ పేరుతో ప్రపంచానికి తెలిసిన క్యూ సకమొతొ పాట (1961) వీటన్నిటిలో ముందు నేర్చుకోదగ్గది. 1963లో అమెరికా పాటల పట్టీలో అది మొదటి స్థానానికి చేరింది. బాణీ చాలా భాగం ఐదు స్వరాల మీదే తిరుగుతుంది. మధ్యలో కొంతసేపు ఈల వస్తుంది, అప్పుడు గొంతుకు విశ్రాంతి. 1998లో కిరొరొ అనే ఇద్దరమ్మాయిల జంట పాడిన ‘మిరై ఎ’ తల్లిని తలచుకునే పాట. అందులో మాటల మీదే మనసు పెట్టవచ్చు. 2011 మార్చి భూకంపం, సునామీ బాధితుల కోసం 2012లో వచ్చిన ‘హన వ సకు’ను ఎందరో కళాకారులు తలా కొంత పంచుకుని పాడారు. పంచుకుని పాడేలా ఉంది కాబట్టి నలుగురితో గదిలో పాడడానికి హాయిగా ఉంటుంది. రిమి నత్సుకవ పాడిన ‘నద సోసో’ (2001) వీటికంటే ఒక మెట్టు పైన, దాని పొడుగు స్వరాలకు దమ్ము కావాలి. ఇక పదహారేళ్ల ఉతద హికరు 1999లో పాడిన ‘ఫస్ట్ లవ్’ నెమ్మదిగా ఉందని మోసపోకూడదు. పల్లవి దగ్గర గొంతు సన్నగా పైకి జారాలి, అది సాధన ఉన్నవారి పని.

జపాన్‌లో ఈ పల్లవిని ‘సబి’ అంటారు. మన పాటలా సాధారణంగా మొదట రాదు, రెండు చిన్న భాగాల తర్వాత వస్తుంది. చాలా పాటల్లో చివరిసారి సబి వచ్చేటప్పుడు సుతి మొత్తం ఒక మెట్టో రెండు మెట్లో పైకి లేస్తుంది. ఇది తెలియక మొదటి సబి హాయిగా పాడినవాళ్లు చివర్లో చిక్కుకుంటారు. సుతి దించుకునేటప్పుడు ఆ చివరి సబినే కొలతగా పెట్టుకోవాలి.

పాడేటప్పుడు మైకును పెదవులకు రెండు మూడు వేళ్ల దూరంలో పట్టుకోవాలి, పైస్వరం వచ్చినప్పుడు కాస్త దూరం జరపాలి. స్పీకరు ఎదురుగా నిలబడితే కూత వస్తుంది. ఎకో ఎక్కువ పెట్టించుకుంటే తప్పులు మరుగున పడినట్టుంటుంది కానీ పాడేవారికే తన సుతి తెలియకుండా పోతుంది. ఫోన్లో సాధన చేసేటప్పుడు బ్లూటూత్ కంటే వైరున్న ఇయర్‌ఫోన్ నయం. బ్లూటూత్‌లో శబ్దం అరక్షణం ఆలస్యంగా చేరుతుంది, తాళం కుదరదు. మొదటి రెండు రోజులు మాటలు పక్కన పెట్టి ‘ల’ మీద బాణీ పాడుకుంటే, తర్వాత మాటలు వాటంతట అవే కూర్చుంటాయి. అసలు గాయకుడి గొంతును అనుకరించకుండా, ఇంట్లో పిల్లల్ని జోకొట్టే గొంతుతో పాడాలి. నెమ్మది పాటకు కావాల్సింది ఆ గొంతే.

జపాన్ గదుల్లో ఒకరు పాడిన పాటను అదే రాత్రి ఇంకొకరు ఎత్తుకోకపోవడం మర్యాద. కాబట్టి రెండు పాటలు సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. గది అద్దెకు తీసుకున్న సమయం ముగియడానికి పది నిమిషాల ముందు గోడకున్న ఫోను మోగుతుంది. ఇక ఒకటో రెండో పాటలకే సమయం ఉంటుంది, అందరికీ వచ్చినది ఏదైనా పెట్టి కలిసి పాడతారు.