‘కుబూల్’ మాట ఆడవాళ్ల హాలుకూ వినపడాలంటే

శ్రీకాకుళం, విజయనగరం వైపు మన పెళ్లిళ్లలో ఆడవాళ్లకు చాలాచోట్ల వేరే హాలు ఉంటుంది. అక్కడి టీవీలో భోజనాల కెమెరా నడుస్తుంటే, పెళ్లికొడుకు ‘కుబూల్’ అన్న మాట పెళ్లికూతురి అమ్మీకే వినపడదు.

మ్యాట్రిక్స్ స్విచ్చర్ ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. 4×4 పెట్టెకు 4 లైన్లు లోపలికి, 4 బయటికి. ఏ కెమెరానైనా ఏ టీవీకైనా పంపొచ్చు. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో కలిపితే సాఫ్ట్‌వేర్‌లోనే మార్చుకోవచ్చు. ‘నిఖా’, ‘భోజనాలు’ అని ప్రీసెట్లు ముందే సేవ్ చేస్తే ఒక్క క్లిక్ చాలు.

ఖాజీ గారి మైకు సౌండు కెమెరా లైన్లో కలిసిందో లేదో ముందే చూడండి. కరెంటు పోయి వస్తే ప్రీసెట్ మళ్లీ నొక్కించండి. ల్యాప్‌టాప్ ఆగిపోయినా పెట్టె మీది బటన్లు పనిచేస్తాయి, అవి తెలిసిన మనిషిని దగ్గర ఉంచండి. హాలు బుక్ చేసే రోజే ఇవన్నీ అడగండి.