కిటికీల సోకు కావాల్నా, చేతిల పట్టు కావాల్నా?

మా ఊరి లైబ్రరీల 2 జీబీ ర్యామ్ లాప్‌టాప్ ఒకటి మూలకు పడి ఉండె. "పాతదైంది అన్నా, తుక్కుకు ఏసేద్దాం" అన్నరు పిల్లలు. జెర ఆగుండ్రి అన్న. నేను బడిల చదివింది తక్కువే. లినక్స్‌ను మాత్రం నా అంతట నేనే కెలుక్కుంట నేర్చుకున్న. అందుకే గీ ముచ్చట.

తెర మీద ఏ కిటికీ ఎక్కడ కూసోవాలె, ఎంత వెడల్పు ఉండాలె అని చూసుకునే ప్రోగ్రామే విండో మేనేజర్. విండోస్‌ల కంపెనీ ఇచ్చిందే మనకు దిక్కు. లినక్స్‌ల నచ్చకుంటే ఇంకోటి పెట్టుకోవచ్చు. మన ఫైళ్లు ఎక్కడియి అక్కడనే ఉంటయి.

సోకు కావాలంటే గ్నోమ్. 2011ల మూడో వెర్షన్‌తోని దాని రూపమే మారింది. పెట్టంగనే అందంగ ఉంటది. తెలుగు టైపింగ్ సెట్టింగులల్లనే దొరుకుతది. కానీ మన తీరుకు మలుపుకోవాలంటే ఎక్స్‌టెన్షన్లు కావాలె. కొత్త వెర్షన్ వస్తే అవి ఒక్కోసారి పనిజెయ్యయి.

2009ల వచ్చిన ఐ3 దీనికి ఉల్టా. నీడలు, మెరుపులు ఏం లేవు. కిటికీలను పొలంల మడుల లెక్క పక్కపక్కన పేరుస్తది. ఏ మీట నొక్కితే ఏం కావాలెనో ఒక టెక్స్ట్ ఫైలుల మనమే రాసుకోవాలె. ఎట్ల కావాలంటే అట్ల వంగుతది. కానీ తెలుగు టైపు నడిపే ఐబస్‌ను మొదలుపెట్టే లైను సుత మనమే రాయాలె. మొదట్ల తల తిరుగుతది.

కేడీఈ ప్లాస్మాల సోకూ ఉంది, మలుపుకునే వీలూ ఉంది. సెట్టింగులు ఎన్నో ఉండేసరికి కొత్తోళ్లు తికమక పడ్తరు.

నేను ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టిన. అండ్ల నీడలు గీసే కంపోజిటర్‌ను ఒక్క టిక్కు తీసేసి బందు పెట్టొచ్చు. పాత మెషీన్ మీద బరువు తగ్గుతది. ఇప్పుడు ఆ లాప్‌టాప్ మీద పిల్లలు దరఖాస్తులు టైపు చేస్తున్నరు. అబద్ధమెందుకు, బ్రౌజర్ మింగే ర్యామ్‌ను ఏ విండో మేనేజరూ తగ్గించలేదు. రెండు మూడు ట్యాబ్‌లతోనే సరిపెట్టుకోవాలె.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని మెషీన్లు ఇంకా మస్తుగున్నయి. తమ్మీ, చెల్లే, పారేసే ముందు పెన్‌డ్రైవ్‌ల లినక్స్ ఏసి ఒకపాలి నడిపి చూడుండ్రి. సోకు తక్కువైతే నష్టం లేదు. మెషీన్ మన మాట వినాలె, గదే అసలు సంగతి.