ఈసుకుపోయిన గేదె.. ఎడతెగని జ్వరం

నెల రోజులుగా జ్వరం. పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రానికి ఒళ్లు కాలిపోతుంది. రాత్రి చెమటకు పక్కబట్టలు తడిసి ముద్దవుతాయి. నడుం, కీళ్లు ఒకటే పీకులు. టైఫాయిడ్‌ కోసం విడాల్ చేశారు, మలేరియాకు చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఏమీ తేలలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే డాక్టర్‌ అడగకపోయినా మీరే చెప్పాల్సిన మాట ఒకటుంది. ‘మాకు పాడి ఉంది. ఆమధ్య మా గేదె ఈసుకుపోయింది.’

ఆ ఒక్క మాటతో పరీక్షల దారే మారిపోతుంది. చూడి పశువు ఐదో నెల దాటాక దూడను పడేయడం, ఆ తర్వాత మాయ పడకుండా ఉండిపోవడం.. వీటి వెనక ఉండే ముఖ్యమైన కారణాల్లో బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా ఒకటి. అది తెచ్చే జబ్బే బ్రూసెల్లోసిస్. ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, పందులు అన్నిటికీ వస్తుంది. వాటి నుంచి మనకూ వస్తుంది. పచ్చి పాలతో రావచ్చు. పడిపోయిన పిండాన్ని, మాయను, ఉమ్మనీటిని ఒట్టి చేతులతో తీసినప్పుడు చేతి మీది చిన్న గాటు నుంచీ రావచ్చు. మనిషి నుంచి మనిషికి అంటడం మాత్రం చాలా అరుదు.

పైకి ఆరోగ్యంగా కనిపించే పశువులో జబ్బు దాగి ఉంటుందని మొదట బయటపెట్టింది కూడా రక్త పరీక్షే. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు ఇలాంటి జ్వరంతోనే మంచం పట్టేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ ఆ బ్యాక్టీరియాను గుర్తించాడు. అది ఎక్కడి నుంచి వస్తుందో తేలడానికి మరో 18 ఏళ్లు పట్టింది. 1905లో థెమిస్టోక్లీస్ జమ్మిత్ అనే మాల్టా వైద్యుడు మేకల రక్తాన్ని పరీక్షిస్తే గుట్టు రట్టయింది. చూడ్డానికి ఆ మేకలకు ఏ రోగమూ లేదు. వాటి పాలు ఆపేశాక సైనికుల్లో జ్వరాలు తగ్గిపోయాయి.

నాలుగు నిమిషాల పరీక్ష

ఈసుకుపోయిన ప్రతి గేదెకూ బ్రూసెల్లా ఉందని కాదు. దెబ్బ తగిలినా, లెప్టోస్పైరా లాంటి వేరే సూక్ష్మజీవులు సోకినా గర్భం పోవచ్చు. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే పరీక్ష. పశువు మెడ దగ్గరి సిర నుంచి తీసిన రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం ఒక చుక్క చాలు. దాన్ని తెల్లటి పలక మీద వేసి, గులాబీ రంగు పట్టించిన చచ్చిన బ్యాక్టీరియా ద్రావణం అంతే పరిమాణంలో కలిపి నాలుగు నిమిషాలు అటూఇటూ ఆడిస్తారు. పశువు రక్తంలో యాంటీబాడీలు ఉంటే గులాబీ రంగు రవ్వలు కడుతుంది, లేకుంటే ద్రావణం నున్నగా ఉండిపోతుంది. ఇదే రోజ్ బెంగాల్ పరీక్ష. ఇందులో పాజిటివ్ వస్తే ఎలైసా లాంటి మరో పరీక్షతో ఖరారు చేసుకుంటారు.

ఊరి పాలన్నీ ఒక్కచోట చేరే పాల కేంద్రంలో ఇంకో ఉపాయం ఉంది. పాల నమూనాలో నీలిరంగు పట్టించిన బ్యాక్టీరియాను కలిపి గంటసేపు వెచ్చగా ఉంచుతారు. యాంటీబాడీలు ఉంటే పైకి తేలిన మీగడ నీలం వలయంగా మారుతుంది, కింద పాలు తెల్లగా మిగులుతాయి. ముఖ్యంగా ఆవుల మందల్లో జబ్బు ఉందో లేదో మొదట పసిగట్టడానికి ఇది పనికొస్తుంది. పొదుగువాపు ఉన్నా, జున్నుపాలైనా ఫలితం తప్పుగా రావచ్చు. కాబట్టి ఏ పశువుకు జబ్బుందో తేల్చడానికి రక్తమే చూడాలి.

నెగెటివ్ వస్తే వెంటనే నిశ్చింతగా ఉండిపోకండి. గర్భం పోయిన నాటికి యాంటీబాడీలు ఇంకా తయారై ఉండకపోవచ్చు. మూడు వారాల తర్వాత మరోసారి చేయించమని పశువైద్యుణ్ని అడగండి. పిండాన్ని, మాయను కుక్కలకు విసరడం, కాలువలో పడేయడం అసలు వద్దు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకుండా, పట్టా కప్పి ఉంచి, 1962కు గానీ మీ ఊరి పశువైద్యశాలకు గానీ ఫోన్ చేయండి. పిండం నుంచి తీసే నమూనాలో బ్యాక్టీరియా నేరుగా దొరికే అవకాశం ఎక్కువ. నమూనా తీసుకున్నాక లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. గర్భిణులను, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వొద్దు.

పాజిటివ్ వస్తే?

అసలు చిక్కు ఇక్కడే. పశువులో ఈ బ్యాక్టీరియా కణాల లోపల దాక్కుంటుంది, మందులతో పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. లక్ష పోసి కొన్న గేదె. చాలామంది గుట్టుగా సంతకు తోలేస్తారు. రైతు కష్టం అర్థం చేసుకోదగిందే. కానీ ఆ గేదెతో పాటు జబ్బు మరో కొట్టంలోకి, మరో ఇంటి పాలగిన్నెలోకి వెళ్తుంది. పరీక్ష చేయించుకుంటే నష్టమేనన్న భయం పోవాలంటే రైతుకు పరిహారం దక్కాలి. పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో వచ్చిన చట్టం కింద ఈ జబ్బు కనిపిస్తే అధికారులకు తెలపాలి. ఆ పశువును వేరుగా కట్టేయండి, మేత తొట్టి, నీళ్ల తొట్టి కూడా వేరు చేయండి. మిగతా పశువులకూ పరీక్ష చేయించండి. కొత్త పశువును కొనేటప్పుడు బేరం కుదరకముందే రక్త పరీక్ష అడగండి.

మరి పాలో? బాగా పొంగేదాకా కాచితే బ్రూసెల్లా చచ్చిపోతుంది. భయమల్లా గుమ్మపాలతోనే. పొదుగు కింద నురగతో తాగితే బలమన్న నమ్మకం ఇంకా ఊళ్లలో ఉంది, పిల్లలకు పచ్చి మేకపాలు పట్టేవాళ్లూ ఉన్నారు. ఆ అలవాటు మానేయండి.

మీకే జ్వరం వస్తే

మనుషుల్లోనూ రోజ్ బెంగాల్, ఎలైసా, ట్యూబులో చేసే అగ్లుటినేషన్ పరీక్షలు ఉన్నాయి. విడాల్ రాసిస్తే టైఫాయిడ్‌నే వెతుకుతారు, బ్రూసెల్లా అందులో దొరకదు. రక్తాన్ని కల్చర్‌కు పంపితే బ్యాక్టీరియా పెరగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అది ల్యాబ్ సిబ్బందికీ సోకే ప్రమాదం ఉంది కాబట్టి అనుమానం సంగతి ముందే చెప్పాలి. మగవారిలో వృషణాల వాపు, ఆడవారిలో గర్భస్రావం కూడా దీనివల్ల రావచ్చు. చికిత్స ఉంది. సాధారణంగా డాక్సీసైక్లిన్‌తో పాటు రిఫాంపిసిన్ లాంటి మరో మందు కలిపి కనీసం ఆరు వారాలు ఇస్తారు. పది రోజులకే జ్వరం దిగిందని మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది.

ఇక మీ కొట్టంలో పెయ్య దూడలు ఉంటే వాటికి టీకా వేయించండి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద దీన్ని ఉచితంగా వేస్తున్నారు. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో, జీవితానికి ఒక్కసారే. మగ దూడలకు, చూడి పశువులకు వేయరు. ఇందులో ఉండేది బలహీనపరచిన సజీవ బ్యాక్టీరియా కాబట్టి సూది పొరపాటున మనిషికి గుచ్చుకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దూడ పుట్టిన తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. టీకా వేశాక చెవిపోగు నంబరు కూడా ఆ పక్కనే రాయండి. రేపు ఆ పశువు రక్తం పరీక్షకు వెళ్తే టీకా ఎప్పుడు వేశారని పశువైద్యుడు అడుగుతాడు.