ఎర్ర బటను నొక్కే ప్రోటీన్లు

రక్తపరీక్ష కాగితం చేతికి వచ్చాక చాలామంది మా నర్సుల గదికి వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, ఇందులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని రాసినారు, ఎక్కువని గుర్తు పెట్టినారు, భయమేమన్నా ఉందా?" లివరు పరీక్షల వరుసలో ఆ పేరు ఉంటుంది. ఎదిగే పిల్లలకు ఎముకలు పెరుగుతుంటాయి కనుక వారిలో అది పెద్దవాళ్లకంటే ఎక్కువే ఉంటుంది. నెలలు నిండుతున్న గర్భిణుల్లోనూ పెరుగుతుంది. మిగతావారిలో పెరిగితే కారణం లివరా, పైత్యనాళమా, ఎముకా అన్నది డాక్టరుగారు ఇతర పరీక్షలతో కలిపి చూసి చెబుతారు. ఆ ఒక్క అంకె చూసి హడలిపోనక్కరలేదు.

ఈసారి మేము రాయదలచింది దాని గురించి కాదు, అదే ఇంటిపేరు ఉన్న ఇంకో కుటుంబం గురించి. వాటిని ప్రోటీన్ ఫాస్ఫటేజులు అంటారు. మామూలు రక్తపరీక్ష కాగితంలో ఇవి కనిపించవు. కాని క్షయ రోగి దగ్గు తగ్గాక కూడా మాత్రలు ఎందుకు మింగాలి, కిడ్నీ మార్పిడి అయినవారు ఒక్క పూట కూడా మాత్ర ఎందుకు మానకూడదు అని అడిగితే, జవాబులో కొంత భాగం వీటి దగ్గరే ఉంది.

మన వైపు బోరు మోటారు తెలియని ఇల్లు ఉండదు. స్టార్టరు పెట్టెలో పచ్చ బటను నొక్కితే మోటారు తిరుగుతుంది, ఎర్ర బటను నొక్కితే ఆగుతుంది. మన కణాల్లోని ప్రోటీన్లకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. కైనేజు అనే ఎంజైము ప్రోటీనుకు చిన్న ఫాస్ఫేటు ముక్కను అతికిస్తుంది. ఫాస్ఫటేజు దాన్ని ఊడదీస్తుంది. చాలా చోట్ల అతికిస్తే పని మొదలవుతుంది, ఊడదీస్తే ఆగుతుంది. కొన్ని ప్రోటీన్లలో ఇది తలకిందులు, ఊడదీస్తేనే పని మొదలవుతుంది. ఇన్సులిన్ తెచ్చిన కబురు గానీ, కణాన్ని పెరగమనే కబురు గానీ లోపలికి అందేది ఈ విధంగానే. బోరులో నీళ్లు అయిపోయాక కూడా ఎర్ర బటను పడకపోతే మోటారు కాలిపోతుంది కదా. పెరగమనే కబురు ఆగకుండా పోతే కణం క్యాన్సరు దారి పట్టవచ్చు.

ఈ అతికించే, ఊడదీసే సంగతిని 1950లలో అమెరికాలోని సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరాల మీద పనిచేస్తూ బయటపెట్టారు. 1992లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే చాలా ఏళ్లు అందరి చూపూ అతికించే కైనేజుల మీదే ఉండేది. ఊడదీసేవాటిని వెనకాల ఊడ్చి శుభ్రం చేసేవాటిలాగా లెక్కగట్టారు. ఇంట్లో కూడా వంట చేసినవారి పేరు గుర్తుంటుంది గానీ గిన్నెలు కడిగినవారి పేరు ఎవరికి గుర్తు!

ఆ గిన్నెలు కడిగేవారి పేర్లు వెదికిన శాస్త్రవేత్తల్లో హైదరాబాదు సీసీఎంబీలో దశాబ్దాలు పనిచేసిన డాక్టర్ ఘనశ్యామ్ స్వరూప్ ఒకరు. 1982లో అమెరికాలో ఉండగా ఆయన స్టాన్లీ కోహెన్, డేవిడ్ గార్బర్స్‌లతో కలిసి ఒక విషయం చూపించారు. ప్రోటీన్లలో టైరోసిన్ అనే చోట అతికిన ఫాస్ఫేటును ఊడదీసే ఫాస్ఫటేజును వెనడేట్ అనే లవణం ఆపేస్తుంది. చిన్న మాటలా ఉంది గానీ, ఎర్ర బటనును కావాలనుకున్నప్పుడు పట్టి ఉంచే సాధనం దొరికిందన్నమాట. ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఆ లవణాన్ని ఇందుకు వాడుతున్నారు. తర్వాత హైదరాబాదులో, 1990ల మొదట్లో, ఆయన బృందం ఎలుక ప్లీహం నుంచి ఇలాంటి ఒక ఫాస్ఫటేజు జన్యువును వేరుచేసి, ఆ ప్రోటీను కణ కేంద్రకంలో ఉంటుందని కనుగొంది.

ఇక్కడ భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోకుండా ముందుకు పోలేం. ఫాస్ఫటేజు ఎంత పనిచేసిందో తెలియాలంటే ఊడిపడిన ఫాస్ఫేటును కొలవాలి. ద్రవంలో పుట్టిన నీలిరంగును బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఆయన 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించారు. దేశదేశాల ప్రయోగశాలల్లో తరతరాల విద్యార్థులు ఫాస్ఫేటును ఆ పద్ధతిలోనే కొలిచారు.

ఇక మనకు దగ్గరి విషయానికి వద్దాం. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలిసి వందేళ్లు దాటింది. ఆ తొలి రోజుల్లో క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, నెలల తరబడి మంచం, అంతే. ఇప్పుడు మందులున్నాయి. అయినా బి.కొత్తకోట నుంచి గానీ పుంగనూరు, కుప్పం వైపు నుంచి గానీ వచ్చే రోగుల్లో రెండు నెలలకే "దగ్గు పోయింది, ఒళ్లు కూడా వచ్చింది, ఇంకెందుకమ్మా ఈ మాత్రలు" అనేవారు మాకు కొత్త కాదు.

క్షయ క్రిమి ఊపిరితిత్తుల్లోకి వెళ్లగానే మన తెల్ల కణాలు దాన్ని మింగుతాయి. మింగిన క్రిమి ఒక సంచిలో పడుతుంది. ఆ సంచిలోకి ఆమ్లం ఊరాలి, క్రిములను అరిగించే ఇంకో సంచి వచ్చి దానితో కలవాలి. చాలా క్రిములు అక్కడే చస్తాయి. క్షయ క్రిమి మాత్రం తన సొంత ఫాస్ఫటేజును మన కణంలోకి వదులుతుంది. సంచులు కలవడానికి పనిచేసే మన ప్రోటీను మీది ఫాస్ఫేటును అది ఊడదీస్తుంది. ఆమ్లం ఊరదు, సంచులు కలవవు. మన ఇంటి స్టార్టరు మీద దొంగ వేలు పెట్టినట్లు! కెనడాలోని వాంకూవర్ శాస్త్రవేత్తలు 2008లోనూ 2011లోనూ ఈ కిటుకును వివరించారు. ఆ ఫాస్ఫటేజును ఆపే మందు కోసం పరిశోధనలు జరుగుతున్నాయి గానీ, ఇప్పుడు మనం ఇచ్చే మాత్రల్లో అలాంటిది లేదు.

అలా మన కణాల్లోనే దాక్కొని, మెల్లగా పెరుగుతూ, కొన్ని నిద్రపోయినట్లు పడి ఉండే క్రిములను ఏరివేయాలి కాబట్టే మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు. దగ్గు తగ్గడమంటే చాలా క్రిములు చచ్చాయని, అన్నీ చచ్చాయని కాదు. మధ్యలో మానితే మిగిలినవి మళ్లీ లేస్తాయి, మందుకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. అప్పుడు చికిత్స ఇంకా కష్టం, ఇంట్లోవారికీ అదే మొండి క్రిమి అంటవచ్చు.

కిడ్నీ మార్పిడి సంగతి దీనికి ఎదురు. అక్కడ మనమే ఒక ఫాస్ఫటేజును కావాలని ఆపుతాం. దాని పేరు కాల్సిన్యూరిన్. పైన చెప్పిన తలకిందుల రకం ఇదే. ఇది ఫాస్ఫేటును ఊడదీస్తేనే మన రోగనిరోధక కణాలకు "పరాయి వస్తువు వచ్చింది, పట్టండి" అనే కబురు అందుతుంది. సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మాత్రలు దాన్ని పట్టి ఉంచుతాయి. మాత్ర మానితే పట్టు సడలుతుంది, శరీరం కొత్త కిడ్నీ మీద పడుతుంది. తల్లో అన్నో ఇచ్చిన కిడ్నీ అయినా దానికి పరాయిదే. మోతాదు ఎక్కువైతే అదే మాత్ర కిడ్నీని దెబ్బతీస్తుంది, అందుకే రక్తంలో మందు ఎంత ఉందో అప్పుడప్పుడు చూస్తారు.

ఈ రెండూ ఒకే మనిషిలో కలిస్తే మాకు ఎక్కువ జాగ్రత్త. క్షయ మందుల్లో మూత్రాన్ని ఎర్రగా చేసేది రిఫాంపిసిన్. అది టాక్రోలిమస్‌ను లివరులో త్వరగా కరిగించి రక్తంలో దాని మోతాదును బాగా తగ్గించేస్తుంది. కనుక కిడ్నీ మార్పిడి అయినవారు క్షయ మాత్రలు మొదలుపెట్టే ముందే ఆ సంగతి చెప్పాలి, మార్పిడి చేసిన డాక్టరుకు కూడా తెలపాలి. పాత చీటీలన్నీ ఒక సంచిలో పెట్టుకొని రండి, చినిగినవైనా ఫరవాలేదు.

షుగరు విషయంలోనూ పీటీపీ1బీ అనే ఫాస్ఫటేజు ఇన్సులిన్ కబురును ఆపేస్తుందని తెలుసు. దాన్ని ఆపి షుగరు తగ్గించే మాత్ర మాత్రం ఇంకా మందుల షాపుకు రాలేదు. వెనేడియం లవణాలను షుగరుకు వాడి చూశారు, కడుపు పాడవడం, విషప్రభావం వంటి ఇబ్బందుల వల్ల అవి మందుగా నిలబడలేదు. ఎవరైనా పొడి రూపంలో అమ్మితే కొనకండి.

స్వరూప్‌గారి ప్రయోగశాల తర్వాతి కాలంలో కంటి వైపు మళ్లింది. నీటికాసులు, అంటే డాక్టర్లు గ్లాకోమా అనే జబ్బు, కొన్ని కుటుంబాల్లో ఆప్టిన్యూరిన్ అనే జన్యువులోని మార్పు వల్ల వస్తుందని 2002లో తెలిసింది. అలా మారిన ప్రోటీను కంటినరం కణాలను చంపుతుందని హైదరాబాదు బృందం 2007లో చూపింది. చాలామందిలో ఈ జబ్బు నొప్పి లేకుండా వస్తుంది, పక్కచూపు పోయేదాకా తెలియదు, పోయిన చూపు తిరిగి రాదు. మీ అమ్మకో నాన్నకో, అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో నీటికాసులు ఉంటే, నలభై దాటేదాకా ఆగకుండా కంటి డాక్టరు దగ్గర కంటి ఒత్తిడి, కంటినరం రెండూ చూపించుకోండి. అద్దాల షాపులో అక్షరాలు చదివించే పరీక్ష దీనికి చాలదు.