అవును, నేను బ్రిజిట్‌నే!

ఐర్లాండ్ జానపద కథలంటే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది లెప్రకాన్. జానెడు మనిషి, ఆకుపచ్చ కోటు, తలమీద టోపీ. చెట్టు కింద ఒంటరిగా కూర్చుని చెప్పులు కుడుతుంటాడు. ఇంద్రధనుస్సు చివర బంగారు నాణేల కుండ దాచిపెడతాడు. దొరికితే ఆ చోటు చెప్పి తీరాల్సిందే. కానీ మనం రెప్ప వేశామో, మాయం! 1959లో డిస్నీ సంస్థ ఇతగాడి మీద సినిమా కూడా తీసింది. మార్చి 17న సెయింట్ పాట్రిక్ పండగ వచ్చిందంటే అమెరికాలో ఎక్కడ చూసినా ఈ బుల్లి తాతయ్య బొమ్మలే.

లెప్రకాన్ ఒంటరివాడే గానీ, అతని బంధుగణం మాత్రం చాలా పెద్దది. వాళ్లంతా ఇతనిలా ముద్దొచ్చేవాళ్లు కారు. వాళ్ల పేరు చెప్పి ఒక భర్త కట్టుకున్న భార్యనే నిప్పుకు బలిచేశాడు. ఇది అమ్మమ్మలు చెప్పిన కథ కాదు. 1895లో ఐర్లాండ్ కోర్టుకెక్కిన నిజం.

పేరెత్తకూడదు!

పాతకాలం ఐరిష్ పల్లెల్లో 'ఫెయిరీ' అన్న మాట పైకి అనేవారు కాదు. 'మంచివాళ్లు' అనేవారు. రాత్రిపూట పామును పురుగు అంటాం చూడండి, అలాగన్నమాట! పొలాల మధ్య గుండ్రటి మట్టిగట్లతో ఉండే పాత కోట దిబ్బలు వాళ్ల నివాసాలని నమ్మకం. అక్కడ చెట్టు కొట్టకూడదు, నాగలి పెట్టకూడదు.

ఈ 'మంచివాళ్ల' కన్ను పడిందంటే పసిపిల్లల్నీ, బాలింతల్నీ, వయసులో ఉన్న ఆడవాళ్లనీ ఎత్తుకుపోతారట. వాళ్ల స్థానంలో అచ్చు అలాగే ఉండే మారుమనిషిని పెట్టి వెళతారట. ఎదుగుదల లేని బిడ్డ, మాటలు రాని బిడ్డ, కాన్పయ్యాక దిగులుతో మంచం పట్టిన తల్లి... వైద్యం అందని ఊళ్లలో వీటన్నిటికీ దొరికే జవాబు అదొక్కటే. మారుమనిషిని తరిమి అసలు మనిషిని రప్పించడానికి చేసే వైద్యమేమో చేదు మూలికలు, నీళ్లు, నిప్పు! 1826లో కెర్రీ కౌంటీలో, నడవలేని, మాట్లాడలేని నాలుగేళ్ల బాబును ఇలాగే నదిలో ముంచితే ప్రాణం పోయింది. ముంచిన స్త్రీని కోర్టు నిర్దోషిగా వదిలేసింది.

కుట్టుమిషన్, కోడిగుడ్లు

టిప్పరరీ కౌంటీలో బాలీవాడ్లీ అనే చిన్న పల్లె ఉంది. బ్రిజిట్ క్లియరీ అక్కడి కూలివాడి కూతురు. క్లోన్‌మెల్ పట్నంలో కుట్టుపని నేర్చుకుంది. పీపాలు తయారుచేసే మైకేల్ క్లియరీని 1887లో పెళ్లాడింది. పెళ్లయ్యాక కూడా కొంతకాలం భర్త పట్నంలో, ఆమె పుట్టింట్లో. చేతిలో కుట్టుమిషన్ ఉంది. ఆడవాళ్లకు బట్టలు కుట్టేది, టోపీలు చేసేది. కోళ్లు పెంచి గుడ్లు అమ్మేది. తన సంపాదన తనకుంది. మంచి బట్టలు కట్టుకునేది. పల్లెలో అందరిలా తలొంచుకు తిరిగే మనిషి కాదు. పిల్లలు లేరు. అప్పటికి ఆమె వయసు 26.

1895 మార్చి 4న గుడ్లు ఇవ్వడానికి చుట్టాలాయన జాక్ డన్ ఇంటివైపు వెళ్లింది. కైలనగ్రానా కొండ మీది కోట దిబ్బ ఆ పక్కనే. చలిలో నడిచి వచ్చాక వణుకు, తలనొప్పి పట్టుకున్నాయి. మంచం ఎక్కింది. చూడవచ్చిన జాక్ డన్, ఈమె మన బ్రిజిట్ కాదని ఒక మాట విసిరాడు. ఊళ్లో పాతకథలన్నీ తెలిసిన పెద్దమనిషి మాట కదా, అంతే! ఆ మాట ఇంట్లో తిష్ఠ వేసింది.

డాక్టర్ కోసం కబురు మీద కబురు పెడితే ఆయన 13న వచ్చాడు. ఛాతీలో కాస్త జలుబు, నరాల ఆందోళన తప్ప మరేం లేదన్నాడు. చర్చి ఫాదర్ కూడా వచ్చి ప్రార్థన చేసి వెళ్లాడు. కానీ అప్పటికే మైకేల్ మనసు నాటువైద్యుడి మూలికల మీదికి మళ్లింది.

ఆ రెండు రాత్రులు

మార్చి 14 రాత్రి ఆ చిన్న ఇంట్లో జనం కిక్కిరిశారు. కన్నతండ్రి, మేనత్త, మేనత్త కొడుకులు, కూతురు, జాక్ డన్, ఇరుగుపొరుగు. మగవాళ్లు ఆమెను మంచానికి అదిమిపట్టారు. పాలలో కాచిన మూలికల్ని బలవంతాన గొంతులో పోశారు. పొయ్యి దగ్గరకు మోసుకెళ్లి నిప్పుల మీద పట్టుకున్నారు. దేవుడి పేరు మీద చెప్పు, నువ్వు మైకేల్ భార్య బ్రిజిట్‌వేనా అని పదే పదే అడిగారు. అవునని ఆమె చెబుతూనే ఉంది.

మర్నాడు ఆమె లేచి, బట్టలు మార్చుకుని, పొయ్యి దగ్గర అందరితో కూర్చుంది. గండం గడిచిందనే అనుకున్నారు. మాటల్లో మళ్లీ ఫెయిరీల ప్రస్తావన వచ్చింది. వాళ్లతో తిరిగింది మీ అమ్మేనని బ్రిజిట్ భర్తకు ఎదురు చెప్పింది. మైకేల్ రొట్టెముక్కలు మూడు పెట్టి, ఒక్కోటి తినేముందు పేరు చెప్పమన్నాడు. రెండుసార్లు చెప్పింది. మూడోసారి ఆలస్యమైంది. కిందపడేసి, మండుతున్న కట్టె ముఖం మీదికి తెచ్చాడు. బట్టలంటుకున్నాయి. దీపంలోని కిరసనాయిలు తెచ్చి ఆమె మీద పోశాడు. తలుపు తాళంచెవి అతని జేబులోనే ఉంది.

తర్వాత మూడు రాత్రులు మైకేల్ నల్లపిడి కత్తి పట్టుకుని కోట దిబ్బ దగ్గర కాపలా కాశాడు. అసలు బ్రిజిట్ తెల్లగుర్రం మీద వస్తుందని, కట్లు కోసి ఇంటికి తెచ్చుకుంటానని అందరికీ చెప్పాడు. ఆమె రాలేదు. మార్చి 22న ఇంటికి పావుమైలు దూరంలో, లోతులేని గోతిలో పోలీసులకు శవం దొరికింది.

ఎవరికి ఎంత శిక్ష?

విచారణ జూలైలో క్లోన్‌మెల్‌లో జరిగింది. చూసింది చూసినట్టు ధైర్యంగా సాక్ష్యం చెప్పింది మేనత్త కూతురు జొహానా బర్క్. మైకేల్‌కు హత్యానేరం కింద కాక, అంతకంటే చిన్నదైన నరహత్య కింద 20 ఏళ్ల శిక్ష పడింది. 15 ఏళ్లకే, 1910లో విడుదలై కెనడా వెళ్లిపోయాడు. కన్నతండ్రికి ఆరు నెలలు. మరికొందరు బంధువులకూ జైలుశిక్షలు. బ్రిజిట్‌ను మాత్రం పోలీసులే లాంతరు వెలుగులో ఖననం చేశారు.

అప్పట్లో ఐర్లాండ్ బ్రిటిష్ పాలనలో ఉండేది. స్వపరిపాలన కావాలని అక్కడివాళ్లు పోరాడుతుంటే, ఇలాంటి మూఢులకా స్వపరిపాలన అని గిట్టనివాళ్లు ఈ కేసును వాడుకున్నారు. చచ్చిపోయాక కూడా ఆమె గోడు ఆమెది కాకుండా పోయింది, పాపం!

కథలదే తప్పా?

ఐరిష్ రచయిత్రి ఏంజెలా బోర్క్ 1999లో ఈ ఉదంతం మీద ఒక పుస్తకం రాశారు. ఫెయిరీ కథలు కేవలం మూఢనమ్మకాలు కావనీ, పైకి చెప్పుకోలేని విషయాల్ని చెప్పుకునే ఒక భాష అనీ ఆమె అంటారు. సొంత డబ్బు, సొంత అభిప్రాయం, మంచి బట్టలు, ఒళ్లో బిడ్డ లేకపోవడం... ఇవన్నీ చుట్టూ ఉన్నవాళ్లకు ఎక్కడో గుచ్చుకుంటున్నాయి. ఆ కంటగింపుకి 'మారుమనిషి' అన్న పేరు సిద్ధంగా దొరికింది.

కథలు మాత్రం బతికే ఉన్నాయి, ఉండాలి కూడా. 1937-39 మధ్య ఐర్లాండ్ బడిపిల్లలు ఇంట్లో పెద్దల్ని అడిగి వేలాది కథలు నోటుపుస్తకాల్లో రాసుకొచ్చారు. లెప్రకాన్ కథలూ అందులో ఉన్నాయి. అవన్నీ యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ కథలు విన్న లక్షలమంది ఎవరినీ కాల్చలేదు కదా!

బాలీవాడ్లీ దారి లేని అడవి కాదు. డాక్టర్ వచ్చాడు, ఫాదర్ వచ్చాడు, కూతవేటు దూరంలో పోలీసులున్నారు. గదినిండా సొంతవాళ్లే ఉన్నారు. లేనిదల్లా ఒక్కటే. నేను నేనే అని ఆడమనిషి చెబితే, ఆ మాట నమ్మి తలుపు తీసే ఒక్క మనిషి!