డేటాబేస్ సర్వర్ ఒక్కసారిగా నెమ్మదిస్తే మొదట ఏం చూడాలి?

సూరత్ రింగ్ రోడ్డులోని వస్త్ర మార్కెట్ల నుంచి చీరలు, డ్రెస్ మెటీరియల్ దేశం నలుమూలలకూ తరలివెళ్తాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని వస్త్ర దుకాణాలకూ ఇక్కడి నుంచి సరుకు వస్తుంది. సాధారణంగా 50,000 రూపాయల విలువ దాటిన సరుకును ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపాలంటే ఈ-వే బిల్లు తప్పనిసరి. అది కంప్యూటర్‌లో తయారవుతుంది కాబట్టి, కంప్యూటర్ ఆగితే లారీ కూడా ఆగుతుంది.

దేశవ్యాప్తంగా వ్యాపారులకు ఇది 2018లో అనుభవంలోకి వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 1న ఈ-వే బిల్లు విధానం తప్పనిసరిగా అమల్లోకి రావలసి ఉండగా, తొలిరోజే సాంకేతిక అవాంతరాలు తలెత్తాయి. దీంతో కేంద్ర ప్రభుత్వం ప్రయోగ దశను పొడిగించింది. అంతర్రాష్ట్ర రవాణాకు ఈ విధానం ఏప్రిల్ 1న మొదలైంది. రాష్ట్రంలోపలి రవాణాకు ఏప్రిల్ 15న అమలు చేసిన అయిదు రాష్ట్రాల్లో గుజరాత్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి.

అది జాతీయ స్థాయి వ్యవస్థ. కానీ బిల్లింగ్, నిల్వల లెక్కల కోసం సొంత డేటాబేస్ సర్వర్ నడిపే టోకు దుకాణానికీ ఇటువంటి ఇబ్బంది ఎదురుకావచ్చు. నిన్నటివరకు రెండు సెకన్లలో వచ్చిన బిల్లుకు నేడు రెండు నిమిషాలు పడుతుంది. పండుగ గిరాకీ రోజుల్లో ఇలా జరిగితే పార్సెళ్లు పేరుకుపోతాయి. లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడిన తెలంగాణ నేత కుటుంబాలు సహా, ఈ వ్యాపారంపై ఆధారపడిన వారందరికీ సరుకు కదలడమే జీవనాధారం.

ఒక్కసారిగా ఎందుకు?

సర్వర్ నెమ్మదించిందంటే అది పనిచేయడం మానేసిందని కాదు. చాలా సందర్భాల్లో పనికి పట్టే సమయం కంటే, వంతు కోసం వేచి ఉండే సమయం పెరుగుతుంది.

ఒక్కో పనికి 10 మిల్లీసెకన్లు తీసుకునే సర్వర్‌ను ఊహించుకుందాం. దాని సామర్థ్యంలో సగం వినియోగంలో ఉన్నప్పుడు, క్యూలకు సంబంధించిన సాధారణ గణిత సూత్రం ప్రకారం, జవాబు సగటున 20 మిల్లీసెకన్లలో వస్తుంది. వినియోగం 90 శాతానికి చేరితే 100, 95 శాతానికి చేరితే 200 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే చివరి అయిదు శాతం భారమే నిరీక్షణను రెట్టింపు చేస్తుంది. నెలల తరబడి నెమ్మదిగా పెరిగిన భారం ఒక్కరోజులో సంక్షోభంగా కనిపించడానికి ఇదే కారణం.

రీస్టార్ట్ చేసే ముందు

సర్వర్ నెమ్మదించగానే చాలామంది చేసే మొదటి పని దాన్ని ఆపి మళ్లీ ప్రారంభించడం. దీనివల్ల తాత్కాలికంగా ఊరట కలగవచ్చు. కానీ ఆ క్షణంలో ఏ పని దేనికోసం వేచి ఉందో తెలిపే సమాచారం చాలావరకు చెరిగిపోతుంది. పూర్తికాని లావాదేవీలు రద్దవుతాయి. తరచూ అవసరమయ్యే సమాచారాన్ని సర్వర్ మెమరీలో ఉంచుకుంటుంది. అది కూడా ఖాళీ కావడంతో, మొదట్లో ప్రతిదాన్నీ డిస్క్ నుంచి చదవాల్సి వచ్చి వేగం మరింత తగ్గవచ్చు.

అందువల్ల ముందుగా మూడు విషయాలు రాసుకోవాలి. నెమ్మదించడం ఎప్పుడు మొదలైంది? అన్ని పనులూ నెమ్మదించాయా, లేక ఒక్క నివేదికేనా? నిన్నటికీ నేటికీ ఏం మారింది? కొత్త సాఫ్ట్‌వేర్, భారీగా ఎక్కించిన సమాచారం, పనివేళల్లో నడిచిన బ్యాకప్, నిండిపోయిన డిస్క్ వంటి వాటిని మొదట పరిశీలించాలి.

ఎక్కడ ఆగింది?

తరువాత ప్రాసెసర్, మెమరీ, డిస్క్ వినియోగాన్ని చూడాలి. ప్రాసెసర్ పూర్తి వినియోగంలో ఉంటే ఏదో క్వెరీ అధికంగా శ్రమపెడుతోందని అనుమానించాలి. డిస్క్ తీరిక లేకుండా ఉంటే మెమరీ చాలడం లేదేమో, బ్యాకప్ నడుస్తోందేమో చూడాలి. ఈ రెండూ ఖాళీగా ఉన్నా జవాబు రాకపోతే, లాక్‌ల వైపు దృష్టి మళ్లించాలి.

లాక్ అంటే ఒకరు మార్చుతున్న లెక్కను అదే సమయంలో మరొకరు మార్చకుండా వేసే తాళం. ఒక ఉద్యోగి నిల్వ సంఖ్యను సవరించి, లావాదేవీని ముగించకుండానే భోజనానికి వెళ్లాడనుకుందాం. సాఫ్ట్‌వేర్ ఆ తాళాన్ని పట్టి ఉంచితే, అదే సరుకుకు బిల్లు వేసే మిగిలినవారంతా ఆగిపోతారు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ, మై ఎస్‌క్యూఎల్‌లో షో ప్రాసెస్‌లిస్ట్ వంటి సదుపాయాలతో ఆ సమయంలో నడుస్తున్న పనులను చూడవచ్చు. ఆ ఒక్క లావాదేవీని ముగిస్తే చాలు, సర్వర్ మొత్తాన్ని ఆపనవసరం లేదు.

దారి తప్పిన క్వెరీ

కారణం ఒక క్వెరీ అని తేలితే, సర్వర్ దానికి ఏ మార్గం ఎంచుకుందో ఎక్స్‌ప్లెయిన్ అనే ఆదేశం చూపుతుంది. పుస్తకం చివరి పదసూచికలా, కావలసిన వరుసకు నేరుగా తీసుకెళ్లేది ఇండెక్స్. రుడాల్ఫ్ బాయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970ల ఆరంభంలో ప్రతిపాదించిన బీ-ట్రీ పద్ధతే నేటికీ చాలా ఇండెక్స్‌లకు ఆధారం. కోటి వరుసల పట్టికలోనూ ఇండెక్స్ ద్వారా కొద్ది అంచెల్లోనే గమ్యం చేరవచ్చు. అది లేకపోతే కోటి వరుసలనూ చదవాల్సి రావచ్చు.

ఇండెక్స్ ఉన్నా ఒక్కోసారి సర్వర్ దాన్ని వాడదు. పట్టికలో ఏముందనే అంచనా గణాంకాల ఆధారంగా అది మార్గం ఎంచుకుంటుంది. సీజన్‌కు ముందు లక్షల వరుసలు చేరి, గణాంకాలు పాతవిగానే మిగిలితే, తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. వాటిని తాజా పరచడంతోనే సమస్య తీరిన సందర్భాలుంటాయి. అలాగని ప్రతి గడికీ ఇండెక్స్ పెట్టడం సరికాదు. కొత్త బిల్లు నమోదైన ప్రతిసారీ ఇండెక్స్‌లను కూడా సవరించాలి కాబట్టి రాత పని భారమవుతుంది.

ముందుజాగ్రత్త

ఒకేసారి అయిదు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక మార్పు చేసి, ఫలితం కొలిచి, తరువాతే రెండోదానికి వెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యం, సర్వర్ బాగున్న రోజుల కొలతలను భద్రపరచుకోవడం. మామూలు రోజున ఒక బిల్లుకు ఎంత సమయం పడుతుందో, డిస్క్ ఎంత నిండి ఉంటుందో తెలిసిన దుకాణదారు, గిరాకీ రోజున ఏది అదుపు తప్పిందో లారీ బయలుదేరే వేళకు ముందే గుర్తించగలడు.